సున్నా నెత్తురు

దర్శినికి ఒక జబ్బుంది. నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. రోజూ పొద్దున ఏడున్నరకి స్విచ్చి వేసి, ఆరోగ్యమంటే ఏమిటో దానికి కొత్తగా చెప్పాలి. చెప్పడమంటే నోటితో కాదు. రోగం రొష్టు లేని పన్నెండు మంది దగ్గర తలా అర మిల్లీ నెత్తురు తీసి, కలిపి, దాని నోట్లో పోయాలి. ఆ కలగలుపు నెత్తురుని పరీక్షా కేంద్రంలో అందరూ 'సున్నా' అనేవారు. సున్నా తాగాక ఇక సాయంత్రం దాకా ఎవరి నెత్తురు పోసినా, అది ఆ సున్నాకి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి ఒక అంకె చెబుతుంది. ఒకటి లోపు వస్తే నిశ్చింత. మూడు దాటితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పన్నెండు దాటితే దేవుడి మీద భారం వెయ్యాలి.

ఆ యంత్రాన్ని కనిపెట్టినాయన డాక్టర్ పరాంకుశం. కాలేయం నోరులేని అవయవమనీ, ముప్పాతిక భాగం పాడైనా కిక్కురుమనదనీ, పచ్చకామెర్లు కంట్లో కనబడేసరికి పుణ్యకాలం దాటిపోతుందనీ ఆయన బాధ. వాళ్ల నాన్న అలాగే పోయారట. అయితే కాలేయంలో చచ్చిన ప్రతి కణమూ పోతూ పోతూ నెత్తుట్లో కాస్త తుక్కు వదులుతుంది. ఆ తుక్కు ఏరి, దాన్నిబట్టి లోపలి కాలేయం బొమ్మ గీసే యంత్రం కోసం ఇరవై రెండేళ్లు కూర్చున్నారాయన. కూర్చుని కూర్చుని, బందరు చివర మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో పరీక్షా కేంద్రం తెరిచారు.

సూదులు రూతమ్మ చేతిలో ఉండేవి. నలభై మూడేళ్ల మనిషి. నిద్రపోతున్న పసిపిల్లని లేపకుండా నెత్తురు తీయగలదని పేరు.

మొదటి నెలంతా పన్నెండు మంది సిబ్బందీ బడిపిల్లల్లా వరసగా బెంచీ మీద కూర్చుని చొక్కా చేతులు మడిచారు. రెండో నెలలో అటెండరు శేషగిరి శుక్రవారం ఉపవాసం పట్టాడు; ఉపవాసం నాడు నెత్తురిస్తే కళ్లు తిరుగుతాయన్నాడు. రిసెప్షన్ అమ్మాయికి నెల తప్పింది. జమీర్‌కి రంజాను వచ్చింది, అది అయ్యాక జలుబు వచ్చింది. ఒకాయన చేతి మీద కమిలిన మచ్చ చూసి వాళ్లావిడ గొడవ పెట్టుకుందట. ఎవరు రాకపోయినా డాక్టరుగారు రూతమ్మ వైపే చూసేవారు.

"ఇవాళ్టికి సర్దెయ్ రూతమ్మా."

ఆమె తన చేతికి తనే రబ్బరు పట్టీ కట్టుకుని, పంటితో బిగించి, ఆ ఒక్క గొట్టమూ నింపేది. ఒకటి రెండైంది, రెండు ఐదైంది. సర్దుకుపోవడం మన నెత్తుట్లోనే ఉంది కదా. ఏడాది తిరిగేసరికి పన్నెండు గొట్టాలూ ఆమె చేతిలోంచే నిండుతున్నాయి. గొట్టాల మీద పన్నెండు పేర్లు, లోపల మాత్రం ఒక్క మనిషి. బెంచీ మీద ఇప్పుడు అందరి టిఫిను క్యారియర్లు కూర్చుంటున్నాయి.

సున్నా పోశాక యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంకో చుక్క వేసి చూడాలి. ఆ చుక్కా ఆమెదే. రోజూ తెర మీద సున్నా పాయింటు సున్నా అని వచ్చేది. బొమ్మలో కాలేయం కడిగిన పలకలా నున్నగా కనబడేది.

"ఆరోగ్యానికి కొలబద్దవి నువ్వు," అనేవారు డాక్టరుగారు.

ఆ మాట ఇంటికి మోసుకెళ్లి మొగుడికి చెప్పుకుని మురిసిపోయింది రూతమ్మ. ఏసుపాదం ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. "కొలబద్దగారూ, కూరలో ఉప్పు కొలవడం మర్చిపోయారు," అన్నాడు కంచం ముందు కూర్చుని. పదిహేనేళ్ల కూతురు కెజియా పకపకా నవ్వింది. ఆ పిల్లకీ పరీక్ష చేయిస్తే సున్నా పాయింటు రెండు వచ్చింది. తల్లి పోలికే అని అందరూ అన్నారు. పోలిక ఇంకోటి కూడా ఉంది. పగలంతా గ్లవ్సు వేసుకోవడం వల్లనో ఏమో, రూతమ్మకి అరచేతులు దురద. గ్లవ్సు ఎరగని కెజియాకి అరికాళ్లు దురద. సాయంత్రం టీవీ ముందు ఇద్దరూ ఒకే వేగంతో గోక్కుంటుంటే ఏసుపాదం తాళం వేసేవాడు.

రెండో ఏడు ఊరి అంకెలు పెరగసాగాయి.

అంతకుముందు పాయింటు నాలుగు వచ్చినవాడికి ఒకటిన్నర, ఆర్నెల్లకి మూడు, మళ్లీ వస్తే ఐదు. రేవులో వల లాగేవాళ్లూ, కాలేజీ కబడ్డీ జట్టూ, తాగుడంటే ఏమిటో తెలియని భజన సమాజం వాళ్లూ, అందరికీ అదే వరస. మామూలు నెత్తురు పరీక్షల్లో మాత్రం ఏమీ కనబడేది కాదు. "పాత పరీక్షలకి అందని జబ్బు ఇది, దర్శిని ఒక్కదానికే కనబడుతోంది," అన్నారు డాక్టరుగారు. కోస్తా గాలిలోనో నీటిలోనో ఏదో ఉందని పత్రాలు రాశారు. హైదరాబాదు నుంచి కార్లు వచ్చాయి. జనం వేపుళ్లు మానేశారు, పచ్చళ్లు మానేశారు, నేలఉసిరి ఆకు నూరి పరగడుపున తాగారు. కొందరు కామెర్ల వాత పెట్టించుకుని, పుండు పడిన మణికట్టుతో పరీక్షకి వచ్చారు. అంకె తగ్గలేదు. బజారులో ఎదురైనవాళ్లు కుశలం మానేసి "ఎంత?" అని అడిగేవారు.

అంకె పెరగనివాళ్లు ఊళ్లో కొద్దిమంది మిగిలారు. వాళ్లని జనం కాస్త అసూయగా చూసేవారు. కెజియా వాళ్లలో ఒకతె.

మూడో ఏడు జనవరిలో ఒక ఆరున్నర అంకె బాలింత మూడు రోజుల పసిగుడ్డుని పట్టుకొచ్చింది. బిడ్డకీ అంటిందేమోనని ఆమె భయం. రూతమ్మ మడమ దగ్గర గుచ్చి చుక్క తీసింది. ఆ పిల్ల గులాబీ రంగులో ఉంది. గొంతు విప్పితే ఐసు ఫ్యాక్టరీ రేకులు అదిరాయి. తల్లి రొమ్ము అందగానే గుటగుటా తాగింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంత నిండైన బిడ్డని రూతమ్మ చూడలేదు.

దర్శిని పద్నాలుగు పాయింటు మూడు అంది. తెర మీద కాలేయం బొమ్మ మొదలంటా నల్లగా నిండిపోయింది.

యంత్రం లెక్కన ఆ బిడ్డ ఈపాటికి ప్రాణాలతో ఉండకూడదు. డాక్టరుగారికి చూపిస్తే, "పసివాళ్ల లెక్క వేరే. ఆ కాగితం తల్లికివ్వకు," అని వెళ్లిపోయారు. ఆమెకి మాత్రం ఆ నలుపు కళ్లలోంచి పోలేదు. పొద్దున తన బొమ్మ ఎంత తెల్లగా వచ్చిందో, ఇది అంత నల్లగా ఉంది.

ఆ వారంలోనే రాజులమ్మ వచ్చింది. ఆమె మొగుడు చేపల కాటా దగ్గర తూకం వేసేవాడు. రాజులమ్మ ఏడవలేదు, అరవలేదు. కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"పాయింటు మూడని రాశారు గదమ్మా. ఏం లేదన్నారు గదా. కళ్లు పచ్చబడ్డయి, పొట్ట నీరు పట్టింది. మిషినే బాగుందన్నాక ఇంకెందుకులే అని పెద్దాసుపత్రికి పోలేదు. మొన్న పెద్దకర్మ కూడా అయిపోయింది."

"నెత్తురు కక్కుకున్నాడా?"

"నీకెట్టా తెలుసు?"

రూతమ్మకి తెలియదు. ఎందుకడిగిందో కూడా తెలియదు. రాజులమ్మ వెళ్లాక ఆమె పాత రిజిస్టర్లు ముందేసుకుంది. మూడేళ్లుగా ఒకటి దాటనివాళ్లు మొత్తం రెండు వందల పదిహేడు మంది. చేతిలో పని పక్కన పెట్టి, అన్నిటికంటే చిన్న అంకెలున్న నలభై మంది ఇళ్లకి ఫోన్లు చేసింది. పదకొండు ఇళ్లలో మనిషి లేడు. ఒక కోడలు "మామయ్యగారా, పోయారండీ, కాలేయమన్నారు" అంది. ఒక చిన్న పిల్ల ఫోనెత్తి "అమ్మ ఫొటోలో ఉంది" అంది. ఎనిమిదీ తొమ్మిదీ అంకెల వాళ్లేమో కిటికీలోంచి చూస్తే సైకిళ్ల మీద ఈల వేసుకుంటూ పోతున్నారు.

పోయినవాళ్లని అంకెల వరసలో రాసుకుంది. పాయింటు నాలుగు వాళ్లు ఇద్దరే పోయారు, పాయింటు మూడు వాళ్లు నలుగురు, పాయింటు రెండు వాళ్లు ఐదుగురు. సున్నాకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ మంది. తనకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ మంది. కాగితం మీద తన పెన్నే తనని చూసి భయపడినట్టు ఆగిపోయింది. ఆ వరసలో ఇంకా బతికున్న పేరు ఒకటి అన్నిటి కంటే పైన ఉంది. కెజియాకి పోయిన సోమవారం చేసిన పరీక్షలో పాయింటు ఒకటి వచ్చింది. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం కూడా వండుకున్నారు.

కేంద్రం తెరిచిన రోజున, నిజంగా పన్నెండు మంది కూర్చుని ఇచ్చిన అసలు సున్నాని నాలుగు సీసాల్లో పోసి గడ్డ కట్టించి దాచారు. రూతమ్మ చేత్తోనే సీలు వేసింది. మధ్యాహ్నం డాక్టరుగారు భోజనానికి వెళ్లగానే ఆమె ఆ పెట్టె తెరిచింది. సీసాలు మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైందో ఆలోచించే తీరిక ఆమెకి లేదు. ఒకటి కరిగించి, దర్శినిని ఆపి, మళ్లీ లేపి, పాత సున్నా పోసింది.

ముందు మిగిల్చి దాచిన పసిబిడ్డ చుక్క వేసింది. సున్నా పాయింటు రెండు. బొమ్మ తెల్లకాగితంలా ఉంది.

తర్వాత పొద్దున మిగిలిన తన నెత్తురు వేసింది. పన్నెండు పాయింటు ఆరు.

తెర మీద నలుపు అంచుల నుంచి మొదలై నెమ్మదిగా మధ్యకి పాకింది. రూతమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్లుగా ఆ యంత్రానికి రోజూ పొద్దున తన రోగాన్నే తాగించి, ఇదే ఆరోగ్యమని నేర్పింది. తను కొంచెం కొంచెంగా పాడవుతుంటే దానికి లోకమంతా కొంచెం కొంచెంగా పాడవుతున్నట్టు కనబడింది. తనలాగే లోలోపల గట్టిపడిపోతున్నవాళ్లు మాత్రం దానికి నిక్షేపంగా కనబడ్డారు. ఆ మాట నమ్మి వాళ్లు ఆసుపత్రికి పోకుండా ఇంట్లో కూర్చున్నారు.

ఫ్రిజ్‌లో కెజియా గొట్టం ఉంది. మూత తీయడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నిద్రపోయే పిల్లని లేపకుండా గుచ్చే చెయ్యి అది.

ఐదు పాయింటు ఒకటి.

జబ్బు రకం తల్లిదే, అందుకే రోగపు సున్నా దగ్గర యంత్రం ఇద్దరినీ ఒకటన్నది; కూతురికి మాత్రం అదింకా ముదరలేదు. ఐదంటే ఇంకా మందుంది. ఐదంటే ఇంకా టైముంది. ఆమె ఆ అంకెని పదిసార్లు చదువుకుంది, ఏడుపూ ఊపిరీ ఒక్కసారే వచ్చాయి.

తలుపు దగ్గర చప్పుడైంది. పరాంకుశం గారు లోపలికొచ్చి, బల్ల మీద కరిగిన సీసాని చూశారు, తెర చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూశాకే రూతమ్మకి నాలుగో సీసా సంగతి అర్థమైంది.

"ఎప్పుడు చూశారు సార్?"

"ఆగస్టులో," అన్నారాయన, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని. "అంకెలు మరీ పెరుగుతుంటే అనుమానమొచ్చింది. పన్నెండు గొట్టాలూ నీవేనని అప్పటిదాకా నాకు తెలీదు రూతమ్మా. ఒకటో రెండో అనుకున్నాను."

"అప్పుడు నాది ఎంత?"

ఆయన కళ్లజోడు అద్దాలు చొక్కా అంచుతో తుడిచారు.

"నా నెత్తురే కద సార్. చెప్పండి."

"తొమ్మిది పాయింటు నాలుగు."

తొమ్మిదికి మందుంది. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

"మార్చిలో యంత్రానికి ప్రభుత్వ అనుమతి వస్తోంది," అన్నారాయన. గొంతు తగ్గిపోయింది. "అది వస్తే ఊరూరా దర్శిని పెడతారు. మంచి సున్నా పోస్తే యంత్రం తప్పు చెప్పదు, నువ్వే చూశావుగా. ఎన్ని వేలమంది బతుకుతారు. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే ఇరవై రెండేళ్లూ బూడిదే. అందుకని ఈ కాసిని రోజులూ…"

"సర్దుకోమంటారు."

ఆయన తలవంచుకున్నారు. ఆయన రాక్షసుడేం కాదు. రూతమ్మ కూతురికి పదో తరగతి పుస్తకాలు తెచ్చి ఇచ్చిన మనిషి. రోజూ ఉదయం ఆమె చెయ్యి చాపుతుంటే ఈ ఆరు నెలలూ కిటికీ వైపు తిరిగి నిలబడేవారని ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కిటికీలో చూడటానికి ఏమీ ఉండదు, ప్రహరీగోడ తప్ప.

"కెజియాది కూడా చూశారా?"

"లేదు."

"నా పోలికని మీకు తెలుసు. గొట్టం ఫ్రిజ్‌లోనే ఉంది."

"చూస్తే ఆపాల్సొచ్చేది," అన్నారు పరాంకుశం గారు.

రూతమ్మకి జీవితంలో ఎవరినైనా కొట్టాలనిపించింది అప్పుడే. కొట్టలేదు. దర్శిని వెనక్కి వెళ్లి గోడలోంచి ప్లగ్గు పీకింది. మిగిలిన రెండు సీసాలూ మంచుపెట్టెలో పెట్టుకుంది, రెండు వందల పదిహేడు పేర్ల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆయన అడ్డు రాలేదు. బయట బెంచీ దగ్గర శేషగిరి క్యారియరు సర్దుకుంటూ, "ఏంటి మేడమ్, అప్పుడే ఇంటికా? ఒంట్లో బాగోలేదా?" అని నవ్వాడు. అతని మాట అతనికి హాస్యం. ఆమె ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి కెజియా గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది, ఎడమ చేత్తో అరికాలు గోక్కుంటూ. రూతమ్మ పక్కనే చతికిలబడి కూతురి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది. కంటి తెల్లగుడ్డు మూలల్లో పాత కాగితం రంగు. నెల రోజులుగా రోజూ చూస్తున్న కళ్లే. పాయింటు ఒకటని యంత్రం చెప్పింది గనక ఇన్నాళ్లూ కళ్లు చెప్పింది వినలేదు.

"ఏంటమ్మా, ఇంత తొందరగా వచ్చేశావు?"

ఆటోలో ఎన్నో రకాలుగా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి.

"నాకు బాగోలేదమ్మా. అందుకని నీకూ బాగోలేదు."

కెజియా పెన్సిలు కింద పెట్టింది. రూతమ్మ అంతా చెప్పింది, పన్నెండు గొట్టాల దగ్గర్నుంచీ. తన అంకె కూడా దాచలేదు. పిల్ల తన అంకె గురించి అడగలేదు. తల్లి చెయ్యి ఒళ్లోకి తీసుకుని, మోచేతి మడతలో మూడేళ్ల సూది గుర్తుల మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. ఏసుపాదానికి డిపోకి ఫోను చేశారు. రేపు తెల్లారగానే బెజవాడ పోదామని, సెలవు పెట్టి వచ్చేయమని. అతను అటు నుంచి ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

"ఆ లిస్టులో వాళ్లందరికీ నువ్వే చెప్పాలా?" అంది కెజియా కాసేపటికి.

"వాళ్లు నన్ను చూసే బాగున్నామనుకున్నారు. ఇంకెవరు చెబుతారు?"

"నంబర్లు నేను నొక్కుతా. నువ్వు మాట్లాడు."

మొదటి పేరు ధర్మారావు గారిది, రిటైరైన కాలవ లాకు సూపర్‌వైజరు. పొద్దున ఆయనింట్లో ఇంకెవరో ఎత్తారు; ఇప్పుడు రెండుసార్లు మోగగానే ఆయనే ఎత్తారు. వెనక ఎవరో పిల్లలు ఆడుకుంటున్న గోల.

"దర్శిని దగ్గర్నుంచా? చెప్పండమ్మా, చెప్పండి. నాది పాయింటు రెండు కదా. ఆ కాయితం మా మనవడు పటం కట్టించి హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తన్నా."

రూతమ్మ కళ్లు మూసుకుంది. "ఆ పాయింటు రెండు మీ నెత్తురుకీ నా నెత్తురుకీ ఉన్న దూరమండీ. యంత్రానికి నా నెత్తురే పోశాం. నాకు బాగోలేదు. అందుకని మీకూ బాగోలేదు. మీరు ఆ కాగితం నమ్మొద్దు. రేపే పెద్ద డాక్టరు దగ్గరికెళ్లి మామూలు పరీక్షలు చేయించుకోండి. దయచేసి ఆలస్యం చెయ్యకండి."

ఆయన తిడతారని ఆమె ఎదురుచూసింది. తిట్టాలి కూడా. తిడితే పడదామని సిద్ధంగా ఉంది. పిల్లల గోల దూరమైంది, తలుపు వేసిన చప్పుడు వినబడింది. ఆయన వేరే గదిలోకి వెళ్లినట్టున్నారు.

"మీ పేరేంటమ్మా?" అన్నారు.

"రూతమ్మ అంటారండీ."

"రూతమ్మా, నేను రేపే వెళ్తాలే. నాకు డెబ్బై నాలుగు. నా సంగతి అలా ఉంచు." ఆయన కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "నీకెలా ఉంది తల్లీ ఇప్పుడు?"

మూడేళ్లుగా చెయ్యి చాపమన్నవాళ్లే తప్ప, ఆమెని నిజంగా ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమె దగ్గర అంకె ఉంది, జవాబు లేదు. కెజియా ముందు ఏడవకూడదని పొద్దుటి నుంచీ దాచుకున్న నిబ్బరమంతా జారిపోయింది. రూతమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, చిన్న పిల్లలా ఏడ్చింది. అవతల ఆయన ఫోను పెట్టెయ్యలేదు.